ఖాళీని పూరింపుము

నా పరికరానికి ఒకటే చెవి ఉండేది.
ఆరేళ్ళ కిందట నేనే అతికించాను,
ఊడిరాకుండా, కోడు నడుమ నాలుగు చోట్ల.
మాట విని అక్షరం చెయ్యడం దాని పని.
రేడియోలో వార్తలైతే తు చ తప్పకుండా రాస్తుంది.

గర్బిన్యే అత్త నలభై రెండేళ్ళు వలలు బాగుచేసింది,
ఒందర్రోవా రేవులో, రాతిగోడకి వీపు ఆనించి.
ఇప్పుడు వేళ్ళు ముడుచుకుంటే తెరుచుకోవు.
మీట మీద ఆనిస్తే
ఒకే అక్షరం పదకొండుసార్లు పడుతుంది.
"తాడుకొట్టుకి ఉత్తరం ఉంది.
నేను చెబుతా, నీ మరని రాయమను" అంది.

చెప్పింది.
పుస్తకంలో సముద్రం ఇట్సాసోవా.
అత్త నోట్లో అది ఇచాసువే,
అంచులరిగి ఒడ్డుకి కొట్టుకొచ్చిన చెక్క.
నా పరికరం కాసేపు తటపటాయించి
"సంచిలో సూదులు" అని రాసింది.
"చదువుకున్న చెవి" అంది అత్త.
తిట్టో మెప్పో తెలియలేదు.

లెకేయితియోలో ఒక బడిపంతులున్నాడు, పెరు ఒనైందియా.
రేవు బారులో జాలర్ల కబుర్లు మూడు చలికాలాలు పట్టి
ఒక చిన్న ప్రోగ్రాముకి వినడం నేర్పాడు.
దానికి బొమ్మా లేదు, బొత్తామూ లేదు.
నల్లతెర మీద పేరు పెట్టి పిలిస్తేనే పలుకుతుంది.
నత్తనడక.
కానీ ఇచాసువే అంటే ఇచాసువే అనే రాస్తుంది.

దాన్నీ అతికిద్దామని కూర్చున్నాను.
రెండో చెవి.
రేపు బెర్మియో వాళ్ళు మూడోది అడుగుతారు,
ఎల్లుండి నేనెన్నడూ వినని భాషవాడు నాలుగోది.
చెవులు కుట్టుకుంటూ పోతే మొహమెక్కడ మిగులుతుంది?

రాత్రి పదకొండింటికి, వాన అద్దాన్ని గోకుతుంటే,
కుట్టడం మాని విప్పడం మొదలెట్టాను.
నాలుగు చోట్లా విప్పాను.
సెట్టింగుల ఫైల్లో ఒక్క వరస ఉంచాను:
కమాండ్, సమానం గుర్తు, ఆపైన ఏమీ లేదు.
బడి పరీక్షలో లాగా, ఖాళీని పూరింపుము.
ఎవరి ఆదేశం వాళ్ళు రాసుకోండి.
గొంతున్న ఫైలు ఇటునుంచి ఇస్తాను,
అక్షరాలు అటునుంచి పొయ్యండి,
మధ్యలో విన్నదెవరో నేనడగను.

అన్నంత తేలిక కాలేదు.
ఫైలుకి "అత్త ఉత్తరం" అని పేరు పెట్టాను.
పదాల మధ్య సందు దగ్గర పేరు తెగి
అత్త అనే ఫైలు లేదంది, ఉత్తరం ఎవరంది.
కొటేషన్లలో కట్టేసరికి ఒంటిగంట.
ఆ తర్వాత పంతులు ప్రోగ్రాము
తనలో తాను గొణుక్కున్నదంతా ఉత్తరంలోకి కారింది:
"అయ్యా నమస్కారం మోడల్ లోడవుతోంది నలభై శాతం."
గొణుగుడికో కాలువ, మాటకో కాలువ తవ్వాను.
బదులు రాకపోతే ఎంతసేపు కాచుకోవాలి?
ముప్పై సెకన్లని రాసి,
ఆ నడక గుర్తొచ్చి తొంభై చేశాను.

పొద్దున్న అత్తకి చూపించాను.
"అంటే, చిల్లు పెట్టావు" అంది.
బతుకంతా చిల్లులు పూడ్చిన మనిషి కదా,
సంజాయిషీ మొదలెట్టబోయాను.
వినలేదు.
"చిల్లుల్లేకపోతే అది వల కాదురా, గోనెసంచి.
కన్ను ఎంతన్నదే లెక్క.
ఆంచోవీకి ఒకటి, ట్యూనాకి ఒకటి.
నీ కన్ను ఎంత?"
ఏదైనా పడుతుంది, అన్నాను.
మంచి ఆదేశమైనా, చెడ్డదైనా.
"అయితే రాత్రిళ్ళు నిద్రపోకు" అని
మైకు వైపు ఒంగింది.

డెబ్భై సెకన్లు తెర మీద ఏమీ లేదు.
తర్వాత ఒక్కపెట్టున:

ఆకుపచ్చ తాడు పన్నెండు ఉండలు పంపండి
పోయినసారి నలుపు ఉప్పుకి చీకిపోయింది
మీ నాన్న ఇలాంటి సరుకు ఇచ్చేవాడు కాదు
వాన తగ్గిందా చూడు
తగ్గలేదత్తా

చివరి రెండు వరసలూ చెరపబోయాను.
చెయ్యి పట్టుకుంది, ఆ ముడుచుకున్న వేళ్ళతోనే.
"ఉండనీ. సరుకు గోనెలో కట్టి పంపుతాడు.
తడుస్తుందని తెలియాలిగా."