ఏడో గడిలో చుక్క

ఉద్యోగ మేళాలో మా బల్ల
మరుగుదొడ్లకు వెళ్ళే దారిలో వేశారు.
పక్కన గేముల కంపెనీ,
ఉచితంగా చొక్కాలు, బెల్లం చుట్టూ చీమల్లా కుర్రాళ్ళు.
మాది గని కార్మికుల పింఛను ఆఫీసు.
గాజుగిన్నెలో పిప్పరమెంట్లు,
నేను, డీట్లిండె, మా ఇద్దరి కళ్ళజోళ్ళు.

కోబాల్ అన్న అట్ట చూసి
ఒకడు అడిగాడు, అది మందు పేరా అని.
కాదు నాయనా, రోగం పేరు అన్నాను.
డీట్లిండె బల్లకింద నా కాలు తొక్కింది.

బల్ల సర్దే వేళకి వచ్చింది బెర్ఫిన్.
పిప్పరమెంటు తీసుకుని పోతుందనుకున్నా.
"ఇది ఆగిపోతే ఏమవుతుంది?"
జీతం ఎంతని అడగలేదు.
ఒకటో తారీఖున
ముప్ఫైవేలమంది దగ్గుతూ ఫోన్ చేస్తారు, అన్నాను.
కుర్చీ లాక్కుని కూర్చుంది.

గెల్సెన్‌కిర్షెన్‌లో గనులన్నీ మూతబడ్డాయి.
ఆ ఊపిరితిత్తుల లెక్కని మాత్రం
రాత్రి పదకొండుకి మొదలెట్టి
తెల్లారేదాకా తవ్వుతూనే ఉంటుంది మా యంత్రం.

మొదటివారం నవ్వింది.
ఎనభై గడుల వెడల్పేనా లోకం? మౌస్ ఏదీ?
రెండోవారం
వాక్యం చివర చుక్క పెట్టడం మరిచి
మూడువందలమంది వితంతువుల భర్తల్ని బతికించింది.
పరీక్ష ఫైల్లోనే, నయం.
"ఒక్క చుక్కకా!" అని తల పట్టుకుంది.
ఒక్క చుక్కకే.
ఆగమని చెప్పకపోతే ఆగదమ్మా అది,
ఇంగితం లేదు, మాటమీద నిలబడుతుంది, అంతే.

ఫిబ్రవరిలో ఓ రాత్రి కేకేసింది.
ఏడో గడిలో చుక్క ఉన్న వరుస.
అక్కడ చుక్క కనిపిస్తే యంత్రం చదవదు,
దాటుకుని పోతుంది.
మనిషే చదవాలి.
"చిల్లర కిందికి సవరించొద్దు.
అర ఫెన్నిగ్ అయినా వాళ్ళ వైపే. హె.కా., 1981"

ఎవరీయన?
ఈయన కాదు, హెడ్విగ్.
నాకు పని నేర్పింది. చేతికి ఎప్పుడూ సిరా.
వాళ్ళ నాన్న సంగతి
ఒక్కసారే చెప్పింది, లిఫ్టులో.

బెర్ఫిన్ ఏమీ అనలేదు.
ఆ వరుస కింద ఖాళీ చేసి
ఏడో గడిలో మరో చుక్క పెట్టింది.
పక్కన కర్సర్, ఆకుపచ్చగా, మిటకరిస్తూ.
గడియారం పదకొండుకి మూడు నిమిషాలు తక్కువ.
వచ్చే నెల నేను రిటైరవుతున్నాను.
ఏం రాస్తావు? అన్నాను, మెడ చాచి.

తెరకి చెయ్యి అడ్డంపెట్టి,
"మీకు కాదులే" అంది.