చుక్క

షార్జా రోల్లాలో మా టైపింగ్ సెంటర్.
హిమజ మార్కుల మెమో జిరాక్స్‌కిచ్చింది.
థర్మోడైనమిక్స్ నలభై రెండు,
పక్కన సప్లిమెంటరీ చుక్క.
"అన్నా, ఈ చుక్క కొంచెం మసకగా రాదా?"
రాదమ్మా.
మొన్ననే కొత్త టోనర్ వేశాను.

ఆమె సంచిలో లాగ్‌బుక్కు,
పదహారు వందల గంటల ఆకాశం.
అయినా భయమంతా ఈ ఒక్క కాగితం మీదే.

గురువారం మళ్లీ వచ్చింది.
మార్కులు అడగలేదట.
చుక్క ఏమిటన్నారట.
"మొదటిసారి తప్పాను. మళ్లీ రాశాను."
ఇసుకగాలికి రన్‌వే కనబడకపోతే?
"దిగను. పైకి లేపి, చుట్టు తిరిగి,
మళ్లీ వస్తాను."
ఒక కెప్టెన్ పెన్నుకి మూత పెట్టేశాడట.
అది మంచికో చెడుకో ఆమెకీ తెలీదు.

డబ్బులు వద్దంటే వినలేదు.
"ఇంకో రెండు కాపీలు తియ్యన్నా,
నల్లగానే రానీ."