దొంగలబోడు, ఏడు కిలోమీటర్లు

పాంప్లెట్ అచ్చయిపోయింది, ఏడు కిలోమీటర్లని.
ఎల్కతుర్తి ప్రెస్సాయన పైసలు ముందే పట్టిండు.
ఫోనేమో ఎన్నిసార్లు కొలిచినా
ఆరున్నర కాడనే గుట్ట దిగిపోతున్నది.

ఇంకో అయిదువందల మీటర్లు యాడికెళ్లి తేవాలె?
గుట్టేమన్న రబ్బరా, గుంజితే సాగుతందుకు?

బడి ఎనుక గేటు కాడ మొదలు.
పత్తిచేన్ల నడుమ బండ్లబాట, కాలువ కల్వర్టు,
ఆడ్నించి అన్నీ రాళ్లే.
సూదిసందు కాడ ఒక్కొక్కలే దూరాలె
కాబట్టి అంతకు ముందే గుంపు పల్చబడాలె
కాబట్టి కింద బాటను జర పొడుగు జెయ్యాలె
కాబట్టి,
ఇట్ల మూడు రాత్రులు.
నోట్‌బుక్కుల రాసినదానికంటె కొట్టేసిందే ఎక్కువ.

నేను పీఈటీని.
నా విజిల్‌కు రెండువందల మంది పిల్లలు ఆగుతరు.
నలభై రెండేండ్ల నా ఎడమ మోకాలు ఆగది,
దిగుడు కాడ సొంతంగ ఏదో మాట్లాడుతది.

సిరిసిల్ల చీర, నారింజ రంగుది, పాతది,
పేలికలు పేలికలు చింపిన.
తంగేడుకొకటి, బలుసుకొమ్మకొకటి,
మలుపు మలుపుకు కట్టుకుంట పోయినం
నేనూ, తొమ్మిదో తరగతి మొగిలీ.
ఎడమకు తిరగాల్నంటే రెండు ముళ్లు,
దిగుడుంటే మూడు.
ఎనభై ఆరు. లెక్క రాసుకున్న.

తెల్లారి చూస్తే పదకొండు.

ఓదెలు నవ్వు ఆపుకోలె.
"మేకలకు ఆ రంగు గంత రుచని
నాగ్గూడ ఎర్కలేదు టీచరమ్మా.
నీ ఉర్కుడు పందెం అవే ముందుగాల తినేసినయ్."
కోపానికొచ్చిన. ఆయన గొంగడి పరిచిండు,
సీతాఫలం పగలదీసి చేతుల పెట్టిండు.
ఎలుగుబంటికి కూడా గివే ఇష్టమట,
పొద్దుగాల ఆరింటి లోపట పిల్లల్ని ఇటు తేవద్దట.
(నోట్‌బుక్కుల మళ్ల కొట్టివేత: ఆరున్నరకు మొదలు.)

"ఎక్కుడు ముచ్చట ఇడిశిపెట్టు,
దాన్ని ఊపిరి చూస్కుంటది.
దిగుడు నేర్పు. మేక ఏనాడన్న
నిట్టనిలువు దిగంగ చూసినవా?
అడ్డం పడి దిగుతది. ఇటు జర, మళ్ల అటు జర.
గుట్టకు ఎర్క గాకుండ దిగుతది."

ఆ పొద్దటిసంది మైదానంల ఇసుక కుప్ప మీద
పిల్లలు అడ్డం పడి దిగుడు షురువైంది.
పక్క క్లాసు సారు కిటికీలకెళ్లి చూసి
పీతల ఆటనా అని అడిగిండు.
అందరు పోయినంక ఒక్కదాన్నే నేనూ దిగిన.
మోకాలు ఏమన్లె.

నాలుగో రోజు, గుట్ట ఎనుకకెళ్లి
మొగిలి గాయిగాయి ఒర్రుడు:
"టీచర్, మన చీర! మన చీర!"

పేలిక కాదు.
మేక పెంటికల్ల నారింజ దారప్పోగులు.
ఈడ నాలుగు, పది అడుగుల అవుతల ఇంకిన్ని,
పరుపుబండ వారకు మళ్ల.
గుట్ట ఈపు మీద, మేమెన్నడూ తొక్కని దిక్కు,
మొలతాడంత సన్నటి తొవ్వ.
పోయి పోయి చెలిమె కాడ వొంగింది,
నీళ్లు తాగినట్టు ఆగింది,
చుట్టు తిరిగి బయలెల్లిన బండ కాడికే వచ్చింది.

ఫోన్ తీసిన. నడిచినం.
అయిదువందల నలభై.
నలభై ఎక్కువ. కానీ.

రేపే ఆదివారం.
బకెట్ల తడి సున్నం, చిన్న చీపురు.
ఈసారి చెట్లకేం కట్టలె, బండల మీదనే గీతలు.
ముగ్గురు పిల్లల బూట్లకు మొగిలి వాళ్లమ్మ కుట్లేసింది.
ఆర్‌ఎంపీ దేవేందర్ బండి వేసుకొని కల్వర్టు కాడ ఉంటడు.
చెలిమె కాడ రంజన్ పెట్టి
ఓదెలే నీళ్లు పోస్తనన్నడు.

ఆ పొద్దు మేకలను కట్టేస్తనని మాత్రం అన్లేదు.
నేను గూడ అడగలె.