ఆకులు పోయిన కాగితం

పగలు పడుకునే మనిషిని నేను.
రాత్రంతా బేకరీలో పిండి పిసికి
తెల్లారి డులూత్ కొండవీధి ఎక్కొచ్చి
దుప్పటి ముసుగెయ్యగానే
పైకప్పులోంచి మొదలయ్యేది:
కిర్ర్... కిర్ర్... టక్.
కాస్త ఊపిరి. మళ్లీ కిర్ర్.

మూడు రోజులు ఓర్చుకున్నాను.
నాలుగోరోజు చెప్పుల్లో కాళ్లు సగమే దూర్చి
మాటలు పళ్లమధ్య నూరుకుంటూ మెట్లెక్కాను.

తలుపు తీసింది మార్లిస్ టోలెఫ్సన్.
స్కూలు బస్సు నడిపే ఆవిడ, డెబ్బయికి రెండేళ్లు తక్కువ.
జుట్టులో నీలం కాగితం నక్షత్రం ఒకటి
చిక్కుకున్న సంగతి ఆమెకు తెలియదు.
నా తిట్లలో మొదటిది అక్కడే జారిపోయింది.

వంటగది బల్లమీద ఉందది.
తడిబట్టలు పిండే పాత మరలా
రెండు రోలర్లు, ఒక పిడి.
మూతపడ్డ బడి సామాన్ల అమ్మకంలో ఆరు డాలర్లట.
అచ్చులు ఉచితం.
"ఎందుకు ఉచితమో ఇంటికొచ్చాక తెలిసింది," అంది,
"అక్షరాల పెట్టెలో బి లేదు."

పిల్ల వస్తోంది గురువారం.
కొడుకు కూతురు, బ్రిట్టా.
ఎన్నాళ్లుంటుందో ఎవరూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు.
ఉన్నది ఒక్క గది, అగ్గిపెట్టెంత, సున్నంలా తెల్లగా.
అద్దె కాగితంలో ఇంటాయన రాయించాడు:
మేకు కొట్టరాదు, రంగు వేయరాదు.
కాగితం గురించి ఏమీ రాయించలేదు.

కాగితానికేం కొదవ?
రంగుల దుకాణంలో ఊరికే ఇచ్చే నమూనా చీటీలు
(రోజుకు ఏడెనిమిది, రోజుకో కోటు మార్చుకుని),
ఓట్స్ డబ్బాల అట్టలు, కాలం చెల్లిన రోడ్డు మ్యాపులు,
పోయిన భర్త దాచుకున్న సరస్సు లోతుల పటం.
దాన్ని మాత్రం బల్ల చివర విడిగా పెట్టింది.
రెండుసార్లు చేతిలోకి తీసుకుంది,
రెండుసార్లూ అక్కడే పెట్టేసింది.

నేనెందుకు కూర్చున్నానో నాకే తెలియదు.
అచ్చుమీద అట్ట, అట్టమీద పలక.
"తిప్పు," అంది. తిప్పాను.
పిండి పిసికే చేతికి ఆ బిగువు తెలుసు,
ఎక్కడ మొరాయిస్తుందో, ఎక్కడ లొంగుతుందో.
టక్.
అవతలినుంచి ఒక బర్చ్ ఆకు, ఈనెతో సహా.
కిటికీ బయట బర్చ్ చెట్లన్నీ
ఎముకలై నిలబడ్డ జనవరిలో.

మైదా ఉడికించి జిగురు కాచాను.
నా చేతిలో పొంగని మైదా అదొక్కటే.

బి కి ఏం చేసిందంటే,
ఎనిమిది అంకె కోసి ఎడమవైపు
వెన్నెముకలా ఒక పట్టీ అతికించింది.
గురువారం పిల్ల వచ్చి
బూట్ల మంచైనా విదల్చకుండా తలుపు ముందు నిలబడి
కూడబలుక్కుంటూ చదివింది:
"ఎనిమిది... రిట్టా."
ఎవరూ నవ్వలేదు. కాసేపటికి తనే నవ్వింది.
ఇప్పటికీ నేను పిలిచేది ఎనిమిదీ అనే.

ఆ సరస్సు పటం సంగతా?
ఫిబ్రవరిలో కోసింది. ఒకే ఒక్క చేప.
అదిప్పుడు పిల్ల మంచం పైన ఉంది.
మిగతా పటాన్ని ఆయన మడతల ప్రకారమే మడిచి
చేపంత కన్నంతో
సొరుగులో పెట్టేసింది.

నాకిచ్చింది మాత్రం చెత్తబుట్టలోకి పోవాల్సిన కాగితం.
ఆకులన్నీ రాలగొట్టాక మిగిలిన జల్లెడ.
"కిటికీకి అంటించుకో," అంది, "పగలు పడుకునే మనిషివి."

పదకొండు దాటాక ఎండ మా వీధిలోకి దిగుతుంది.
గోడంతా ఆకులు, దుప్పటంతా ఆకులు,
గోళ్లలో పిండి మిగిలిన నా వేళ్లమీద రెండు.
పైన కిర్ర్ అంటుంది, నేను అటు ఒత్తిగిలుతాను.

ఒక ఆకు సగమే తెగింది. నేను తిప్పిందే.
తొడిమ దగ్గర కాగితాన్ని వదలక
హీటరు గాలికి ఊగుతుంటుంది.
గది మొత్తంలో కదిలే నీడ
అదొక్కటే.