వారంటీ లేని రంగు

మద్రాసు కొళత్తూరు సందులో
చేపల తొట్ల వెనక, గోనె తెర తప్పించి
వాడు ఆ జంటని చూపించినప్పుడు
నేను బేరం మర్చిపోయాను.

కాలిన మోటార్లకి ముప్ఫై ఏళ్ళుగా రాగితీగ చుట్టే చేతులివి.
కొత్త రాగి, మసిబారిన రాగి, దొంగ రాగి అన్నీ ఎరుగుదును.
ఆ మగబాతు చెంపల మీది రాగి
ఏ గేజిలోనూ దొరికేది కాదు.
వీపున రెండు నారింజ తెరచాపలు.
పక్కన ఆడది బూడిదరంగులో,
కంటి చుట్టూ సుద్దముక్కతో గీసినట్టు ఒక గీత.

ఇరవై ఎనిమిది వేలు.
అల్లూరు రొయ్యల గుంటల్లో
పదకొండు ఏరేటర్లు బాగుచేసిన డబ్బు.

పినాకినిలో బుట్ట కాళ్ళ మధ్య పెట్టుకున్నా.
సూళ్ళూరుపేట దాటాక లోపలి నించి
సన్నగా ఈల.
ఎదురు సీటాయన, "మీ ఫోను, ఎత్తండి" అన్నాడు.

ఇంట్లో షంషాద్ అడిగింది:
"గుడ్డు ఎంతుంటది?"
గుడ్డుకి కాదన్నా.
"మరి కూరకా?"
కాదన్నా.
ఆ రాత్రి నా అన్నం నేనే వడ్డించుకున్నా.

మిద్దె మీద సిమెంటు తొట్టి, పైన పిల్లి దూరని వల.
రోజూ నీళ్ళు మార్చాలి, పాత నీళ్ళు కరివేపాకు కుండీకి.
నానిన వడ్లు, చెరువు నాచు,
ఉప్పు కడిగిన ఎండురొయ్య పొడి.
పాత స్టార్టర్ పెట్టెకి గుండ్రంగా కంత కోసి
రంపంపొట్టు పోసి, గోడకి నిలువెత్తున బిగించా.
ఇవి చెట్టు తొర్రలో పొదిగే జాతంట.

రోహిణి కార్తెలో ఒక తెరచాప రాలింది.
మర్నాడు రెండోది.
పది రోజులకి రెండూ బూడిదే,
ఎవరు మొగుడో ఎవరు పెళ్ళామో!
కొళత్తూరు వాడికి ఫోను చేసి
"రంగేసి అమ్మావు గదరా" అని రెండు భాషల్లో తిట్టా.
వాడు నవ్వి పెట్టేశాడు.
రాలిన ఈకలన్నీ ఏరి
మోటారు కాగితంలో పొట్లం కట్టా,
స్టేషన్లో సాక్ష్యానికి.

అప్పుడొచ్చింది బాతుల పెంచలమ్మ,
చార్జింగ్ లైటు వెలగడంలేదని.
ఇందుకూరుపేట కోతచేలల్లో ఆరొందల మంద ఆమెది,
రాత్రుళ్ళు నక్కల కాపలా.
మిద్దెక్కి, నా మగబాతుని ఒంటిచేత్తో పట్టి
రెక్క విప్పి, ఉఫ్ అని ఊది చూసింది.
"ముక్కు చూడు, ఎర్రగా ఉండాది. మగోడే.
ఈకలు మార్చుకుంటాండాడు.
రెక్క ఊడినప్పుడు ఎగరలేడు గదా,
అందుకే మన్నురంగు కప్పుకుంటాడు.
మేత తగ్గించబాక. ఊరికూరికే పట్టుకోబాక.
నలుగురికీ చూపించబాక."
తర్వాత ధర అడిగింది.
చెప్పా.
మెట్ల మీద కూలబడి
కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.
"నా మందలో నూరు వస్తాయి గదయ్యా!"
లైటుకి డబ్బు తీసుకోలేదు నేను.

కార్తీకంలో వాయుగుండం,
రెండు రాత్రులు కరెంటు లేదు.
మూడో పొద్దున వల కింద
తడి నారింజ, గోరంత.

మాఘంలో తొమ్మిది గుడ్లు.
నెల రోజులు ఆ పెట్టె దగ్గరికి
వర్క్‌షాపు కుర్రాళ్ళని కూడా రానివ్వలేదు,
నేను కాదు, షంషాద్.

ఆ ఉదయం తల్లి కింద తొట్టి పక్కన నిలబడి
గొంతు తగ్గించి పిలిచింది.
కంతలోంచి ఒకటి దూకింది. దూదిలా పడి లేచి నడిచింది.
ఒకటి తర్వాత ఒకటి, ఏడు.
ఒక గుడ్డు మురిగింది.
ఎనిమిదోది అంచున కూర్చుని
ఆకాశం చూస్తాంది.

పొయ్యి మీద అన్నం పొంగుతాంది.
దుప్పట్టా రెండు చేతుల్తో పరిచి పట్టుకుని
షంషాద్, నాతో ఎన్నడూ మాట్లాడని గొంతుతో,
"దూకు నాయనా, నేనుండా గదా."