బుడగ మధ్యకొచ్చే దాకా

ఎడమ చక్రం కింద రెండు చెక్కలు.
"ఇంకొంచెం, ఇంకొంచెం... ఆపు!" అంటాడు వెండెల్,
విమానాన్ని దింపుతున్నవాడిలా రెండు చేతులూ తలమీదికెత్తి.
మట్టం గాజులో పచ్చటి బుడగ
అటూ ఇటూ ఊగి గీతల మధ్య కుదురుకుంటే తప్ప
కెటిల్ పొయ్యెక్కదు మా ఇంట్లో.
ఇల్లంటే ఇదే, పదమూడడుగుల కోడిగుడ్డు,
మా పెద్దాడికంటే మూడేళ్లు పెద్దది.
వాన పడితే తలుపు దగ్గర ఒక్కచోటే కారుతుంది.
అక్కడ పెట్టే గిన్నెకి కూడా ముప్పై ఏళ్లు.

సెప్టెంబరు చివరి వారం.
లార్చ్ చెట్లన్నీ ఒక్కసారే పసుపు తిరిగి
రాలడానికి ఇంకో పది రోజులే గడువున్నప్పుడు
ఏటా వస్తాం, రాకీ కొండల ఈ వాలుకి,
పదిహేడో నంబరు జాగాకి:
నీటి పంపుకి దగ్గర, మరుగుదొడ్ల గాలి సోకనంత దూరం.
అది వెండెల్ లెక్క.

ఈ ఏడు మోకాలు మొరాయించింది.
"నువ్వెళ్లిరా డార్కా," అన్నాడు
శాండ్‌విచ్‌లు కాగితంలో చుడుతూ, నా వైపు చూడకుండా.
ఎలుగుబంటి స్ప్రే నా నడుముకి తనే తగిలించాడు,
మూత రెండుసార్లు తడిమి చూశాడు.
నలభై ఏళ్లలో మొదటిసారి
నా ముందు ఆ వీపు లేదు.
దారి ఎంత వెడల్పో అప్పుడు తెలిసింది.

వాగు దాటాక స్ప్రూస్ అడవి, తడి బొంత వాసన.
ఆ పైన ఒట్టి రాళ్లు.
పిడికెడు పైకా ఒకటి గడ్డిపోచ నోట కరుచుకుని
నన్ను చూసి కీచుమని సందులోకి దూరింది.
దానికీ చలికాలం బెంగ.
అడుగుకో ఆయాసం. నా ఆయాసం నాకు వినబడింది,
ఇన్నాళ్లూ అతని కబుర్ల కింద అణిగి ఉన్నది.

శిఖరం కాదు, దాని భుజం. అక్కడిదాకా చాలు నాకు.
కింద చెట్ల మధ్య మా ట్రైలర్,
బియ్యపుగింజంత.
వినబడదన్న ధైర్యంతో అతనితోనే పోట్లాడాను,
లేచి నిలబడి, చేతులు తిప్పుతూ, గాలి మీద అరుస్తూ:
అమ్మేద్దాం వెండెల్.
కొక్కెం తుప్పు పట్టింది, నీ మోకాలూ అంతే.
గ్యాస్ సిలిండరు నేనెత్తలేను.
రాత్రి నువ్వు మెట్లు దిగుతుంటే
నిద్ర నటిస్తూ లెక్కపెడతాను, ఒకటి, రెండు.
నాకు భయంగా ఉంది.
ఆ చివరి ముక్క మూడుసార్లు అన్నాను.
మూడోసారికి గొంతు వణకలేదు.
సాయంత్రం ఇదే వరసలో చెప్పాలని
దారిపొడుగునా వల్లెవేస్తూ దిగాను.

వచ్చేసరికి పెరోగీలు వేగుతున్నాయి, ఉల్లిపాయతో.
బల్లమీద బైనాక్యులర్స్.
పక్కన పెట్రోలు రసీదు వెనక పెన్సిల్ రాత:
9:40 వాగు.
11:15 చెట్లు దాటింది. ఎర్ర జాకెట్.
12:50 పైన. చెయ్యి ఊపింది.

"ఎంతసేపు ఊపావే పిచ్చిదానా!" అన్నాడు మొహం చాటంత చేసుకుని,
"నేనూ ఊపాను, ఇదిగో ఈ తువ్వాలుతో, భుజం లాగేసేదాకా.
కనబడ్డానా?"

పెనంలో వెన్న చిటపట.
ఎక్కడో ఎల్క్ దుప్పి కూసింది, నూనె లేని గేటు తెరిచినట్టు.
"కనబడ్డావు," అన్నాను.

తెల్లారేసరికి నీళ్ల గొట్టం గడ్డకట్టి
కర్రలా నిలబడింది.
అతను మెట్లు దిగాడు. ఒకటి.
రెండు.
చెక్కలు లాగేస్తే బుడగ ఓ మూలకి జారింది.
పికప్ నేను తీస్తానన్నాను. ఏమీ అడగకుండా తాళాలిచ్చాడు.
వెనక్కి పోనిస్తుంటే అద్దంలో అతను, వేలెడంత,
రెండు చేతులూ తలమీదికెత్తి ఊపుతున్నాడు.
రమ్మంటున్నాడో, ఆగమంటున్నాడో.

బ్రేకు మీద కాలు ఉంచి
కిటికీ అద్దం దించాను.