రెండు గంటల కారు

హోగ్నికి ఇరవై మూడేళ్ళుంటాయేమో, షోరూం కుర్రాడు.
తెర మీద వేలు జార్చి సీటు వేడెక్కించాడు,
ఇంకోసారి జార్చి స్టీరింగు.
నర్సుని బాబూ, చేతులు చల్లగా ఉంటే
ముసలాళ్ళ తిట్లు తినేది నేను, ఇది పనికొస్తుందన్నాను.
మిగతా అరచేతి వైకుంఠం తర్వాత,
ముందు తలుపు సంగతి చూద్దాం.

ఫారో దీవుల్లో ఎవరైనా
మోటారు కన్నా ముందు తలుపు బందులు చూస్తారు.
ఇక్కడి గాలికి మర్యాద తెలీదు.
మా బావగారి కారు తలుపు ఒక జనవరిలో ఊడిపోయి
పక్కింటి బంగాళాదుంప మళ్ళలో దొరికింది.
కొండ మలుపులో గాలికి వీపు పెట్టి ఆపాను,
గడియ తీసి చెయ్యి వదిలేశాను.
ఒక్క గుంజు.
బందు పళ్ళు బిగబట్టి నిలబడింది.

డిక్కీలో టేపు పరిచాను.
మందుల పెట్టె పడుతుంది, మడత వీల్‌చెయిర్ పడుతుంది.
అక్టోబరులో మా వాటాకొచ్చే పొట్టేలు?
కాళ్ళు కాస్త ముడిస్తే అదీ పడుతుంది.
హోగ్ని నవ్వాడు గానీ
ఫారం వెనక రాసుకున్నాడు.
ఇక మీరే వెళ్ళి రండి, రెండు గంటలు మీవన్నాడు.

ఎక్కుతుంటే అంకె కరిగింది.
రెండు వందల ఎనభై, అరవై ఆరు, నలభై,
జీతం పడ్డ వారంలో నా పర్సులాగే.
అవతలి వైపు దిగుతుంటే మాత్రం
బ్రేకు తొక్కకుండానే ఒక్కొక్కటీ వెనక్కొచ్చింది.
తీసుకున్నవాడు అడక్కుండా తిరిగివ్వడం
యాభై ఎనిమిదేళ్ళలో ఇదే చూడటం.

సముద్రం కింది సొరంగంలో
ఫ్లాస్కులో టీ కదులుతున్న చప్పుడు విన్నాను.
పాత డీజిల్ బండిలో
నా ఆలోచనలే నాకు వినపడేవి కావు.
అందుకే అంత కాలం దాన్ని ఉంచుకున్నానేమో.

ఇంతవరకూ లెక్క కుదిరింది.
డెమ్మస్ ఇంటి దగ్గర తప్పింది.

తొంభై ఒకటి అతనికి, చూపు లేదు.
నా డీజిల్ చర్చి దగ్గర దగ్గితే
అతను కెటిల్ పొయ్యెక్కిస్తాడు,
నేను గుమ్మం చేరేసరికి అది ఈల వేస్తుంది.
పదిహేనేళ్ళుగా ఇదే మా గడియారం.

ఇవాళ గుమ్మంలో నించున్నా ఈల లేదు.
లోపల గొంతు మాత్రం ఉంది.
"పడలేదు సిస్టర్, నిన్న అసలు పడలేదు."
ఆగాడు.
గొంతు సవరించుకుని మళ్ళీ,
ఈసారి కొంచెం విసుగు కలిపి,
"అబ్బే, పడలేదంటున్నానుగా."
రేపటి పాఠం అప్పజెప్పుకునే బడిపిల్లాడిలా.

తట్టబోయిన చెయ్యి దించుకున్నాను.
కారెక్కి చర్చి దాకా వెనక్కి వెళ్ళాను,
హారన్ రెండుసార్లు కొట్టి
అయిదు నిమిషాలు వైపర్లు చూస్తూ కూచున్నాను.

కెటిల్ ఈల వేసింది.
"ఎవరిదీ కొత్త గొంతు?" అన్నాడు గుమ్మంలోంచి.
కొనలేదు, అరువు తెచ్చానన్నాను.
మోకాలు చూపించమన్నాను.
"పడలేదు సిస్టర్, నిన్న అసలు పడలేదు."
బాగా చెప్పాడు.
కట్టు కట్టి టీ తాగాను.

బయటికొస్తే అతని పిల్లి, ఎప్పటి అలవాటో,
బానెట్ మీదికి దూకింది.
నాలుగు పాదాలూ ఒక్కొక్కటిగా ఆనించి చూసింది.
చల్లగా ఉందని నా వంక అదోలా చూసి
దిగి వెళ్ళిపోయింది.

షోరూంలో హోగ్ని ఫారం ముందుకు తోశాడు.
తలుపు, అయిదుకి అయిదు.
డిక్కీ, నాలుగు.
పిల్లి సంగతి కూడా రాయమన్నాను, రాశాడు పాపం.
లోపలి నిశ్శబ్దం అన్న గడి దగ్గర
నా పెన్ను ఆగిపోయింది.

"ఏమండీ, శబ్దం ఏమైనా వచ్చిందా?"

లేదు బాబూ,
అదే ఆలోచిస్తున్నాను.